కిటికీలు మూసుకుని నేర్చుకున్న గాలి పాఠం

"క్షయ రోగి కూర్చున్న గదికి గాలి ధారాళంగా రావాలి. కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. రాసుకున్నారా?" అని అడిగి, మాకు పాఠం చెప్పే నర్సు సిస్టర్ వెంటనే, "ఆ రెండో కిటికీ గడియ ఊడినట్టుంది, గట్టిగా వెయ్యండమ్మా" అనేవారు. మేము రెండూ చేసేవాళ్లం. రాసుకునేవాళ్లం, గడియా వేసేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం సద్దుమణిగి కొన్నేళ్లయింది అప్పటికి. నర్సు శిక్షణ కోసం నేను జనగామ వైపు నుంచి మానుకోట వచ్చాను. సిస్టర్ కోస్తా మనిషి, పాఠం చక్కగా చెప్పేవారు. కిటికీలు మూయించడానికి ఆవిడ కారణం ఆవిడకు ఉంది. మా గది ఎదురుగా, ఖాళీ స్థలం దాటాక, ఆసుపత్రి ప్రహరీగోడ. దాన్ని ఆనుకుని కొందరు కుర్రాళ్లు పొద్దస్తమానం తల దువ్వుకుంటూ నిలబడేవారు. తనను నమ్మి ఆడపిల్లలను పంపారని, ఏ మాట బయటికి పోయినా తల్లిదండ్రులు చదువు మాన్పిస్తారని సిస్టర్ భయం.

అయితే మంగళవారాలు తెమడ పరీక్షకు వచ్చేవాళ్లను కూడా ఆ గదిలోనే కూర్చోబెట్టేవారు, డబ్బాలోకి ఎలా దగ్గించాలో మాకు చూపించడానికి. వాళ్లు పేగులు కదిలేలా దగ్గేవారు. మేము నాలుగు మడతల గుడ్డ మాస్కులు కట్టుకుని, వీలైనంత తక్కువ ఊపిరితో నేర్చుకునేవాళ్లం. సిస్టర్ మాత్రం వెనక బెంచీకి మాట వినపడదని మాస్కు మెడలోకి దించుకునేవారు. మా ముందు బ్యాచ్‌లో ఒకమ్మాయి దగ్గు పట్టుకుని ఇంటికి వెళ్లింది, మళ్లీ రాలేదు.

నాతోపాటు హాస్టల్ గదిలో ఉండే అమ్మాయిది మరిపెడ దగ్గర తండా. ఆ తండాలో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఒక మంగళవారం ఆమెను చూడడానికి తండ్రి వచ్చాడు. క్లాసు తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా గిది? మన కోళ్లగూడు నయం. గీ ఉక్కల, గీ దగ్గుల మధ్యల నువ్వు చదివేదేంది?"

"గిదే చదువు బాపూ."

"వచ్చే మంగళారం దాక చూస్త. కిటికీలు తెరిస్తె సరే. లేకుంటె ఇంటికి నడువు, మిరపకాయలు ఏరుదువు గని."

ఆమె ఏడవలేదు. సాయంత్రం మాస్కులు ఉతుకుతూ ఒక్కొక్కదాన్నీ ఎవరి మెడో పిసికినట్టు పిండింది.

"ఎవలదే ఆ మెడ?" అన్నాను.

"దువ్వెనోళ్లది."

నాకు నలుగురిలో మాట పెగలదు. చెప్పేదంతా డైరీకే చెప్పుకుంటాను. ఆమెతో మాత్రం మెల్లగా అన్నాను: "దగ్గేటోళ్లను గదిల ఎందుకే? ఆ గోడ కాడ కూసోబెడ్తె అయిపాయె. అక్కడి గాలి బయటికే పోతది." కుర్రాళ్ల బీడీ పొగ ఎటు పోతుందో కిటికీ సందులోంచి చూసేదాన్ని మరి. ఎందుకు చూసేదానివని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆమె వెళ్లి చెబితే సిస్టర్‌కు ఆ మాట నచ్చింది. "ఆరుబయట దగ్గించడమే మంచిది. కానీ ఆ కుర్రాళ్లు అక్కడే ఉంటారుగా?"

"ఉండరు సిస్టర్," అంది నా స్నేహితురాలు.

మంగళవారం పొద్దున్నే డబ్బాలు పట్టుకుని ఇద్దరం గోడ దగ్గరికి వెళ్లాం. మాట్లాడాల్సింది ఆమె. కుర్రాళ్లను చూసేసరికి కోపంతో ఆమెకు నోరు పడిపోయింది. నేను మాస్కు కట్టుకుని ఉన్నాను. కళ్లు తప్ప ఏమీ కనపడవు కాబట్టి మాట్లాడేది నేను కానట్టే అనిపించింది. ఇప్పుడు భూపాలపల్లి వైపు పనిచేస్తున్నా అంతే, మాస్కు ఉంటేనే నాకు గొంతు లేస్తుంది.

"అన్నా, దగ్గు ఎన్ని రోజులసంది?"

అన్నా అనగానే దువ్వెన ఆగింది.

"మాకు దగ్గేంది?"

"దగ్గు లేకుంటె రోజూ దవాఖాన గోడకు ఎందుకుంటరే? ఇగో డబ్బా. ఊరు చెప్పుర్రి, బాపు పేరు చెప్పుర్రి. ఇంటికొచ్చి అందర్ని చూస్తం."

"ఇంటికెందుకు?"

"క్షయ అంటె ఇంటిల్లిపాదినీ చూడాలె. పెండ్లి మాటలేమన్న నడుస్తున్నయా అన్నా? పిల్లనిచ్చేటోళ్లకు గూడ చెప్పొస్తం. జర పైలంగ ఉంటరు."

"మేం రైలు కోసం నిలబడ్డం," అన్నాడు వాళ్లలో పొడుగాటివాడు. స్టేషన్ ఒకవైపు ఉంటే వాళ్లంతా ఇంకోవైపు నడిచారు. మలుపు దగ్గర ఆ నడక పరుగైంది.

కిటికీలు సిస్టరే తెరిచారు. రోగులు గోడ దగ్గర ఎడం ఎడంగా కూర్చున్నారు. మధ్యాహ్నం నా స్నేహితురాలి తండ్రి వచ్చి, చువ్వల మధ్య నుంచి గదిలోకి చెయ్యి పెట్టి చూశాడు.

"గాలి ఆడుతున్నది," అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఖళ్లున దగ్గాడు.

సిస్టర్ తల తిప్పారు. "ఎన్నాళ్ల నుంచండీ ఆ దగ్గు?"

"దగ్గు కాదమ్మా, చుట్ట."

"చుట్టో కాదో పరీక్ష చేసి మేము చెబుతాం."

డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడింది కూతురే.

"బిడ్డను తోల్కపోదామని వస్తె నన్నే పట్టుకున్నరు గదా!"

"గోడ కాడికి నడువు బాపూ. ఉత్తగ ఉమ్మితె నడవది, ఛాతి లోపలి నుంచి దగ్గాలె."

గాలికి ఎదురు పడకుండా పక్కన నిలబడి, "ఇంక జర, ఇంక జర" అంటూ ఆమె తండ్రిని దగ్గించడం క్లాసంతా కిటికీలోంచి చూశాం. "చూడండమ్మా, ఎంత సరిగ్గా చేయిస్తోందో," అన్నారు సిస్టర్, తన మాస్కు పైకి లాక్కుంటూ.

చుట్ట దగ్గేనని తర్వాత తేలింది. ఆ రోజు మాత్రం ఆయన బస్సుకు ఒక్కడే వెళ్లాడు, మాటిమాటికీ వెనక్కి తిరిగి, "తీసే ఉంచుర్రి!" అని కిటికీల వైపు చెయ్యి ఊపుతూ.