ఎండిన బుడ్డల గలగల

మా పెద్దమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను వీపనగండ్ల కాడ కళ్లంల బుడ్డలు ఆరబోస్తున్న. పల్లికాయలను మేం బుడ్డలే అంటం. పిడికిట్ల ఉన్న కాయలు పిడికిట్లనే ఉండిపోయినయి.

ఆమె పల్లీల మిల్లుల గింజలు ఏరేది, ఏరే ఆడోళ్లందరికీ పెద్ద, గేటు కాడ వచ్చిన కాయ చూసేది గూడ ఆమెనే. మునుపు ఆ గింజ నూనె గానుగ దాటి పోయింది లేదు. బయటి దేశపు కంపెనీ ఒకటి పైసలు పెట్టి, ఆరబోసే గచ్చు, బూజు పరీక్ష చేసే గది కట్టిచ్చినంక ఓడ ఎక్కుడు మొదలైంది. చదువుకున్నోళ్లు విదేశీ పెట్టుబడి, ఎగుమతి అంటరు. పెద్దమ్మ మాట వేరే: "పైసలొస్తె మిషన్లొస్తయి బిడ్డా. కాయను ఎండబెట్టేది మనమే."

మాకో పాడలవాటు ఉండె. కాయ ఒలిచే ముందు నీళ్లు చల్లుడు. గింజ బద్దలుగాదు, తూకమూ పెరుగుతది. కాని తడి గింజకు దారిల బూజు పడుతది. ఒక్క సంచి చెడితే సరుకంత వాపస్. గట్ల రెండు పార్లయితే కంపెనీ లేచిపోతది, ఏరేటోళ్ల పని పోతది. ఇదంత తెలిసీ, నేను ఓ పారి సంచులల్ల నాలుగు చెంబుల నీళ్లు చల్లి, పైన ఎండు కాయ కప్పి మిల్లుకు తెచ్చిన. నా తెలివికి నేనే మురిసిన.

పెద్దమ్మ మోచేతి దాక సంచిల చెయ్యి పెట్టింది. అడుగు నుంచి ఓ కాయ తీసి చెవి కాడ ఊపింది. ఎండిన కాయైతే లోపల గింజ గలగలమంటది. అది పలకలే.

"చెల్లె కొడుకును పెద్దమ్మా, జర చూడు," అన్న.

"చెల్లె కొడుకువైతే ఇంటికి రా, బువ్వ పెడ్త. ఈ గేటు కాడ నువ్వు బుడ్డలమ్మేటోనివి. పో, ఆరబొయ్యి."

తిట్టి పంపిస్తే మళ్ల చల్లేటోన్నే. తిట్టలే. మూడు దినాలు ఆమె కండ్ల ముందట గచ్చు మీద ఆరబోసిన. ఏరే ఆడోళ్లు వస్త పోత, చెంబు మర్చిపోయినవా అన్నా అని అడుగుడు. నాలుగోనాడు కాయ పలికింది. అప్పుడామె పక్కన కూసొని, సముద్రం ఎట్లుంటదిరా అని అడిగింది. లారీ డ్రైవర్లను గూడ అడిగేదట.

నేనేమన్న సముద్రం చూసిననా. కసి తీర్చుకుందామని, అచ్చం ఎండు బుడ్డల చప్పుడే, గిదే గలగల అని కోతలు కోసిన. నమ్మలేదనే అనుకుంట, నా సంగతి ఆమెకు తెల్వదా. అయినా ఆ దినం నుంచి మంచి కాయ దొరికితే జరసేపు చెవి కాడ పెట్టుకొని కండ్లు మూసుకునేది. "పోయిరా," అని సంచిల ఏసేది.

పెద్దమ్మను మట్టి చేసొచ్చి మళ్ల కళ్లంకు పోయిన. పొద్దు వాలుతుండె. కాళ్లతోని కాయలు తిరగేస్తుంటె ఈ మూల నుంచి ఆ మూల దాక గలగల అల లెక్క పోయింది. నా అబద్ధం ఒడ్డున ఆమె కండ్లు మూసుకొని నిలబడ్డట్టే ఉండె. దూప అయితే చెంబు ఎత్తి తాగిన. ఒక్క చుక్క గూడ కింద పడనియ్యలే.