ఉడకబెట్టిన ఇన్సులిన్

1979 ఫిబ్రవరిలో నన్ను జహీరాబాద్ దగ్గరి ఒక చిన్న దవాఖానకు వైద్యాధికారిగా వేశారు. నా అధికారం కింద ఒక కాంపౌండరు, ఒక స్పిరిట్ దీపం, తలుపు ఊడిన బీరువా ఉండేవి. బొంబాయి రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా నేను కుర్చీతో సహా కర్ణాటక వైపు జానెడు జరిగేవాణ్ణి.

న్యాల్‌కల్ వైపు నుంచి మాణయ్య అనే పసుపు రైతు తన భార్య సంగమ్మను బండిలో తెచ్చాడు. ఇరవై ఏళ్ల మనిషి. దాహానికి బావినే ఎత్తి తాగేలా ఉంది, ఒంట్లో మాత్రం నీడంత మిగిలింది. నీలి ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాను. చక్కెర లేకుంటే నీలం నీలంగానే ఉంటుంది. అది ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపులో మునిగింది. అంత అందమైన సాయంత్రాన్ని నేను ఆకాశంలో కూడా చూడలేదు.

ఇన్సులిన్ క్లోమం వదిలే హార్మోను. రక్తంలో తేలుతూ పోయి ఒక్కో కణం తలుపు తడుతుంది, బయట నిలబడ్డ చక్కెరను లోపలికి పంపిస్తుంది. సంగమ్మలో ఆ తట్టే చెయ్యి లేదు. వాకిట్లో చెరకు బళ్లు బారులు తీరాయి, ఇంట్లో పస్తు. అది సూదితో అందకపోతే మనిషి దక్కదు.

గాజు సిరంజిని మరిగించడం, రోజూ పొద్దున ఇరవై యూనిట్లు ఎక్కించడం మాణయ్యకు నేర్పాను. సీసాలో మందు వేడికి చెడుతుందనీ చెప్పాను. వారానికి మళ్లీ ఎరుపే. ముప్పై చేశాను. అయినా ఎరుపే. ఈసారి చీటీ మీద నలభై రాసుకుని, కొత్త సీసా సంచిలో వేసుకుని, సైకిలెక్కి నేనే వాళ్లింటికి పోయాను.

వాకిట్లో ఏనుగు స్నానం చేయగలిగినంత కాగులో పసుపు ఉడుకుతోంది. పచ్చటి ఆవిరిలో ఇల్లు, ఎడ్లు, మంచం మీద సంగమ్మ నేలకు మూరెడు ఎత్తున తేలుతున్నట్టున్నాయి. సూది వేసే ముందు పాత సీసా చూపించమన్నాను. మందు పాలు విరిగినట్టు ముద్దలు కట్టి ఉంది.

ఇదేమిటని అడిగితే మాణయ్య నిదానంగా చెప్పాడు. "తెచ్చిన నాడే మంచిగ ఉడకబెట్టిన సారూ. పసుపు ఉడకబెడితెనే ఏడాది నిలువుంటది. చెడుతదని మీరే అంటిరి గద. గింత పిరమైన దవా పచ్చిగ ఎట్ల ఉంచుత?"

మంచం మీది నుంచి సంగమ్మ సన్నగా అంది: "జర ఆలస్యమైతే నన్ను గూడ ఉడకబెట్టి ఎండబోస్తుండె సారూ."

నవ్వబోయి ఆగిపోయాను. ఇన్సులిన్ మాంసకృత్తు, ఉడికితే గుడ్డు తెల్లసొనలా గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఇన్నాళ్లూ ఆమె ఒంట్లోకి మందే పోలేదు. లోపలికి పోని మందుకు నేను మోతాదు పెంచుతూ వచ్చాను. కొత్త సీసాలోంచి ఆ నలభై ఎక్కించి ఉంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఆమె కళ్లు తెరిచేది కాదు.

ఇరవై మాత్రమే ఎక్కించి, బండిలో దవాఖానకు తెచ్చి సెలైను పెట్టాం. అయిదో రోజుకు మూత్రం కాచిన నాళికలో ఆకుపచ్చ కనిపించింది. కొత్త సీసాను తడి ఇసుక పోసిన కుండలో ఉంచమని చెప్పి పంపాను.

మందు పనిచేయనప్పుడు మోతాదు పెంచే ముందు సీసా చూడాలి. రోగికి అర్థమైందా అని అడగకూడదు, అందరూ అయిందనే అంటారు. ఇంటికి పోయాక ఏం చేస్తారో వాళ్ల చేత చెప్పించుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అలాగే చేశాను.