రత్నాలుకు ఒక్కతే సాంగాతు

రత్నాలు నలభై ఏళ్లుగా తన ప్రాణస్నేహితురాలి పేరు పలకలేదు. రేషన్ డిపోలో "నీ వెనకాల కార్డు ఎవరిది?" అని అడిగితే "నా సాంగాతుది" అనేది. "సాంగాతు అని కార్డులో లేదే" అని డీలరు వెక్కిరిస్తే, పక్కనున్నవాళ్లెవరో నవ్వుతూ "కనక" అని అందించేవారు.

అరకు వైపు ఆ కొండ ఊళ్లో అది కట్టుబాటు. ఇద్దరు ఆడపిల్లలు పెద్దల ముందు పూలు మార్చుకుని ఒకే ఆకులో అన్నం తింటే సాంగాతులవుతారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే బంధం తెగినట్టే. రత్నాలు కొండదొర, కనక కోటియా. తెగ వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. అయినా కనక భర్త పోయినప్పుడు ముందుగా వెళ్లి పొయ్యి వెలిగించింది రత్నాలే. రత్నాలు కాలు విరిగినప్పుడు ఆమె తోటలో కాఫీ పళ్లు కోసింది కనకే.

పోయిన చలికాలం విజయనగరం నుంచి మాధవి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఏజెన్సీ భాషల్లోని మాటలు సేకరించి పుస్తకం వేస్తారట. కనక ఆమెకు ఇంట్లో చోటిచ్చి, రికార్డర్ ముందు కూర్చుని మాటలు చెప్పసాగింది. కొండల నుంచి ఏదో ఒకటి పట్టుకెళ్లేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. చెప్పిన మనుషుల పేర్లు పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. అయితే రత్నాలు కడుపుమంట అందుకు కాదు. సాయంత్రం తన వాకిట్లో కూర్చోవాల్సిన మనిషి ఆ పట్నం గుంట పక్కన కూర్చుంటోంది.

ఒకరోజు వెళ్లి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల మాధవి సంబరంగా చెబుతోంది.

"ఈ సాంగాతు మాట ఎంత దూరం తిరిగిందో చూడండమ్మా! సంస్కృతంలో కలిసి రావడం. ఒడియాలో మీలాంటి స్నేహం. మరాఠీలో సాంగాతి అంటే తోడు. పంజాబీలో సంగత్ అంటే గురుద్వారాలో కూడిన జనం. మన తెలుగులో సంగతి అంటే వట్టి విషయం అయిపోయింది."

"అన్ని దేశాలు తిరిగిన మాటకి మా కొంపే దొరికిందేటి?" అంది రత్నాలు.

కనక నవ్వింది. "కూకో సాంగాతూ. నువ్వూ రెండు సెప్పు."

"అన్నీ నువ్వే సెప్పేసినావు కదా. నాకేటి మిగిలింది?"

మర్నాడు కనక పంపిన చేమదుంపల కూర మూత తీయకుండానే తిప్పి పంపింది.

ఆ వారం సంతలో రత్నాలు మిరియాలు అమ్ముతోంది. ఎదురుగా మాధవి, కనక భుజం మీద చెయ్యి వేసి ఫోను పైకెత్తింది. ఆమె జడలో కనక పెరటి చామంతులు.

"సాంగాతూ, ఇటు చూడు!" అంది మాధవి. కనక పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

రత్నాలు సంచి వదిలేసి లేచింది.

"కనకా!"

చుట్టూ బేరాలు ఆగిపోయాయి. ఉల్లిపాయలమ్మే యర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, పేరెట్టి పిలిసేసింది!"

మాధవి అయోమయంగా చూసింది. ఆమె నోటుబుక్కులో అన్ని భాషల అర్థాలూ ఉన్నాయి. ఈ కట్టుబాటు మాత్రం లేదు.

కనక దగ్గరికొచ్చింది. "ఆ గుంట పరాయిది, తెలీక పిలిసింది. ముచ్చటపడితే పూలెట్టినాను. దానితో ఒకే ఆకులో తిన్నానేటి? నువ్వు తెలిసీ పిలిసినావు."

"నన్నొగ్గేసి దాని పక్కన కూకున్నావు. నానేటైపోవాల?"

"నా మొకం మీద తిట్టకపోయినావా?"

రత్నాలు మెత్తబడలేదు. "దాన్ని బేగి పంపించెయ్. పెద్దల్ని పిలిసి మల్లీ కలుపుకుందాం."

కనక తల అడ్డంగా ఊపింది.

"నా ఇంటికొచ్చిన మనిషిని పొమ్మన్ను. నువ్వింటికెల్లు, రత్నాలూ."

రత్నాలు సంచి నెత్తిన పెట్టుకుని, జీపు కోసం ఆగకుండా ఘాట్ రోడ్డు మీద నడిచి వెళ్లిపోయింది.

ఎండలు ముదరకముందే మాధవి వెళ్లిపోయింది. పెద్దల్ని ఎవరూ పిలవలేదు. కనక ఇప్పటికీ రత్నాలుతో మాట్లాడుతుంది, ఊళ్లో అందరితో మాట్లాడినట్టే.