కిటికీ వెలుతురులో తీసిన వీడియో

గిద్దలూరు స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒకామె తన ఫోన్ వైపు చూస్తూ ఏడుస్తూ మాట్లాడుతోంది. కాసేపటికి ఆపి, తీసింది చెరిపేసి, మళ్ళీ మొదలుపెడుతోంది. ఇంట్లో ఫోన్‌తోనే వంటల వీడియోలు తీసే అలవాటున్నదాన్ని, చూస్తూ ఊరుకోలేక వెళ్ళి ఏమైందని అడిగాను.

"మా ఆయనకు మతి సరిగా ఉండదక్కా. ఇక్కడే ఏదో బండెక్కి పోయినాడంట. వీడియో పెడితే ఎవరన్నా గుర్తుపడతారని. ఎట్ల తీసినా మొగం నల్లగానే వస్తాంది."

కిటికీ ఆమె వెనక ఉంది. దానికి ఎదురుగా తిప్పి కూర్చోబెట్టాను. కొంగుతో కెమెరా తుడిచి, ఫోన్‌ను నా సంచికి ఆనించి నిలబెట్టాను. ఆమె వెంట తెచ్చుకున్న భర్త ఫొటోను గుండెల దగ్గర పట్టుకోమన్నాను. ఈసారి ఆమె ముఖం, మాట, చివర్లో చెప్పిన నంబరు అన్నీ స్పష్టంగా వచ్చాయి.

"టీవీలో మాదిరి ఉందక్కా" అంటూ నా చేతులు పట్టుకుంది.

కొన్నాళ్ళకు ఆ వీడియో మా వీధివాళ్ళ ఫోన్ గ్రూపులోకి వచ్చింది. కింద ఎవరో, "ఏ సీరియల్లోది? భలే నటించింది" అని రాశారు. నటన కాదు, నిజం అని రాశాను. అయినా మనసు ఆగక ఆ నంబరుకు ఫోన్ చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది. నేనెవరో చెప్పేలోపే, "కనపడినాడా?" అంది.