నా వేలిముద్ర, మున్షీ రాత

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటాయి. సినిమాలకు తీర్పు చెప్పడం మాత్రం అంతకు చాలా ముందే మొదలుపెట్టాను. బెల్లంపల్లిలో బొగ్గు బాయి పని చేసేవాళ్ళలో సగం మంది నా మాట విన్నాకే టాకీసుకు పోయేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు. వారమంతా బొగ్గు నింపి, ఉన్న ఒక్క ఆదివారాన్ని చెడ్డ బొమ్మకు పోగొట్టుకోవడం ఎవడికి ఇష్టం?

టాకీసు అంటే డేరా. నేల మీద మేము, వెనక బెంచీలు, ఆ వెనక పది కుర్చీలు. తెలుగు బొమ్మ ఒక వారం, హిందీ బొమ్మ ఒక వారం. కొత్త బొమ్మ ఆదివారం రాత్రి దిగేది; ఏది దిగినా మొదటి ఆటకే పోయి ముందర కూర్చునేవాడిని.

బాయిలో పైకప్పును కర్రతో కొట్టి చెవి పెట్టి వింటాం. గట్టిగా మోగితే ఆ కప్పు ఆగుతుంది. డొల్లగా మోగితే దిగుతుంది. సినిమాను కూడా అట్లాగే విన్నాను, నాకు వేరే పద్ధతి తెలియదు. ఒక పురాణం బొమ్మలో సముద్రుడు అలల్లోంచి లేచి వరమిచ్చాడు. గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతుంటే చేత్తో అదిమి పట్టుకుని మరీ ఇచ్చాడు. "వరం మంచిగనే ఉన్నది, జిగురే మంచిగ లేదు" అన్నాను. ఒక జానపదంలో రాకుమారుడు పులితో కొట్లాడాడు. పులి మధ్యలో ఆవులించింది. ఒక సాంఘికంలో మూడు రోజుల సంది అన్నం లేని తల్లి పాట పాడింది. ఆమె చెంపలు చూస్తే మేముండే ఇళ్ళ లైన్లలో అంత తిన్నవాళ్ళు ఎవరూ లేరు. హిందీ దొంగల బొమ్మలో దొంగ ఎవడో మాకు మొదటి రీలులో తెలిసింది, పోలీసులకు చివరి రీలులో తెలిసింది. పాటల కోసం మాత్రం రెండోసారి పోవచ్చని చెప్పాను. పేరున్నవాళ్ళు ఎవరూ లేని ఒక బొమ్మ వచ్చింది. మగ్గం నేసే తండ్రి, కొడుకు, ఇద్దరికీ మాటల్లేవు. తెర మీద ఎవరూ ఏడవలేదు, నేను ఏడ్చాను. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాను.

నా మాటను కాగితం మీదికి ఎక్కించింది లాంప్ రూములో రాతపని చేసే మున్షీ. బాయిలోకి దిగే ముందు మా నంబరు బిళ్ళ తీసుకుని చేతికి దీపం ఇచ్చేది ఆయనే. నాకంటే చిన్నవాడు, చదువుకున్నవాడు, నన్ను దోస్త్ అనేవాడు. సోమవారం షిఫ్టు దిగి పైకి రాగానే లాంప్ రూము మెట్ల మీద కూర్చుని నేను చెప్పేది, ఆయన రాసేది. రాసింది చదివి వినిపించేవాడు, నేను చెప్పింది చెప్పినట్టే. కింద నా బొటనవేలు ఒత్తేవాణ్ణి. సిరా అక్కర్లేదు, బొగ్గు వేలికే ఉండేది. ఆ కాగితం బాయి గేటు ముందరి హోటలు తలుపుకు అతికించేవాళ్ళు. చదువు వచ్చినవాడు చదివేవాడు, రానివాడు నల్లటి వేలిముద్ర చూసి, చదివేవాడి నోటి దిక్కు చూసేవాడు. నేను అక్కడ ఉన్నప్పుడు ఎవరూ కాగితం జోలికి పోయేవాళ్ళు కాదు, నన్నే అడిగేవాళ్ళు. ఎప్పుడన్నా రెండో షిఫ్టువాడు కనపడి, "మామా, బాగున్నదంటివి, ఏం బాగున్నదే అండ్ల?" అని గొణిగితే, వానికి రుచి తెలియదనుకున్నాను.

డేరా గేటు కాడ నాకు టికెట్ అడిగేవాళ్ళు కాదు. "నీకు టికెట్ ఏంది మామా, పో" అనేవాళ్ళు. నా తీర్పుకు ఇచ్చే ఇజ్జత్ అనుకున్నాను.

ఆ ఏడాదే మాస్టరొకడు యూనియన్ రేకుల షెడ్డులో, మొదటి షిఫ్టు అయినాక, మా వంటివాళ్ళకు పలకలిచ్చి కూర్చోబెట్టాడు. నేను పోతున్నట్టు మున్షీకి చెప్పలేదు. ఒక రోజు ఆయన ముందర నా సంతకం గీసి చూపించి నవ్విద్దామనుకున్నాను.

అప్పుడు బొగ్గు బాయి మీద ఒక సినిమా దిగింది. బెల్లంపల్లి అంతా అదే ముచ్చట. మన బతుకు తెర మీద చూపిస్తున్నారని. నా మాట కోసం చూసే మనుషుల్లో ఒకామె ఉంది. బాయి పైన, బొగ్గులో రాళ్ళు ఏరే పనిలో ఉండేది. ఆమె పెనిమిటి, నేను ఒకే బొగ్గు టబ్బు నింపేవాళ్ళం. కప్పు బండ మీద పడి పోయాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నన్ను బాయి గేటు కాడ ఆపి అడిగింది.

"అన్నా, మా ఆయన పోయిన తీరు అండ్ల ఉన్నదంటున్నరు. పోదునా, వద్దా? నువ్వు చెప్పినంకనే పోత."

"చూసి చెప్త చెల్లె."

చూశాను. తెర మీది బాయిలో పనిచేసేవాళ్ళ గోళ్ళు తెల్లగా ఉన్నాయి. కప్పు కూలితే హీరో భుజంతో ఆపాడు. ఒక కూలివాడు చచ్చిపోయాడు. పెళ్ళాం బాయి మూతి కాడ పాట పాడింది. ఆ పాట అయీ కాకముందే హాస్యగాడు చచ్చినవాడి దీపం తలకు పెట్టుకుని కోతిలా ఎగిరాడు. జనం పడీ పడీ నవ్వారు.

సోమవారం మున్షీతో చెప్పాను: "ఇది మన బాయి కాదని రాయి. మనిషిని పోగొట్టుకున్న ఇంటోళ్ళు అటు దిక్కే పోవద్దని రాయి." చదివి వినిపించాడు. వేలు ఒత్తాను. ఆమె ఇంటికి పోయి చెప్పాలి కదా? పోలేదు. ఆ చావు సంగతి ఆమె ముఖం ముందర ఎత్తడానికి నాకు ధైర్యం లేదు. కాగితం ఉంది కదా, ఎవరో చదివి చెప్తారు అనుకున్నాను.

బుధవారం పైకి వస్తే ఆమె గేటు కాడ నిలబడి ఉంది. చేతిలో తట్ట కింద పెట్టలేదు.

"మంచి బొమ్మ చూపిచ్చినవన్నా" అంది.

"నువ్వెందుకు పోయినవ్? వద్దంటిని గద."

"వద్దన్నవా? హోటలాయన చదివిండు, నేను విన్న. ఆడోళ్ళు తప్పక చూడాలని ఉన్నది. నీ వేలు సూసే పోయిన. నా పక్కపొంటి కూసున్నోళ్ళు, మన లైన్లోళ్ళే, గా దీపం పెట్టుకుని ఎగిరెటోన్ని సూసి నవ్విన్రు. నేను ఆగం ఆగం లేచొచ్చిన."

హోటలు తలుపు కాడికి పోయాను. కాగితం ముందర నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. చాయ్ తాగేవాళ్ళు కప్పులు దించి చూశారు. 'మన బాయి కష్టం కళ్ళకు కట్టినట్టు తీసిన బొమ్మ. ఆడవాళ్ళు తప్పక చూడాలి. నవ్వులకు కొదవ లేదు.' కింద నా వేలు.

దాని కింద పాత కాగితాలు మైదా జిగురుకు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి. గోరుతో లేపాను. సముద్రుడి గడ్డం ఉంది, ఆవులించిన పులి ఉంది. నా మాటలు చాలావరకు అట్లాగే ఉంచి, చివరి వాక్యం మాత్రం ఆయన సొంతంగా రాశాడు: తప్పక చూడదగ్గది. నా వెక్కిరింతలు చదివి నా గొంతే అనుకుని, ఆ చివరి మాట పట్టుకుని పోయారు జనం. అన్నీ మంచి బొమ్మలే. ఏడాది పొడుగునా నేను ఒక్క చెడ్డ బొమ్మ చూడలేదట.

లాంప్ రూముకు పోయాను. మున్షీ దీపాలు తుడుస్తున్నాడు.

"డేరా ఎవలిది మున్షీ సాబ్?"

"మా బామ్మర్దిది. నీకెరుకలేదా? కుర్చీల్ల నా పెండ్లాం పిల్లలు కూసుంటరు, నువ్వు పైస లేకుంట ఊకె పోతవ్. ఎందుకనుకున్నవ్?"

ఆ డేరా గేటు కాడ లంచం నేను కూడా తిన్నాను. తెలియక తిన్నాను, అయినా తిన్నాను.

"నేను చెప్పింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి. సదివింది మల్ల నేను చెప్పిందే. గదెట్ల సదివినవ్ మున్షీ, కాగితం మీద లేంది?"

ఆయన చెయ్యి ఆగింది. "నువ్వు సదువుతున్నవా?" అన్నాడు. "ఎప్పటిసంది? నాకు చెప్పనే లేదు. దోస్తనుకుంటి, దాచినవ్."

తప్పు దొరికిన ముఖం కాదు అది. నేనే ఆయన్ను మోసం చేసినట్టు చూశాడు. ఇన్నేళ్ళయినా ఆ చూపు మీదే నాకు కోపం.

"జర మెత్తగ రాసిన, అంతే" అన్నాడు మళ్ళీ. "నీ తీరు ఉన్నదున్నట్టు రాస్తే డేరా లేసిపోతది. అప్పుడు దేనికి తీర్పు చెప్తవ్?"

చేతిలోనే ఉండిపోయిన దీపం అప్పగించి బయటికి వచ్చాను.

ఆ రాతను నేనే సరిచేద్దామని మొదటిసారి నా చేత్తో ఒక కాగితం రాశాను. వంకర అక్షరాలు, ఒత్తులు కొన్ని మింగేశాను. బాయి బొమ్మ అబద్ధమని, ఇంతకు ముందు అతికించినవి నా తీర్పులు కావని రాసి తలుపుకు అతికించాను. వేలు ఒత్తలేదు. పేరు రాయడం వచ్చాక వేలెందుకని.

ఎవరూ నమ్మలేదు. "ఎవడో పోరగాడు గీకిండు. మామ రాతైతే ముద్ర ఉంటది గద" అన్నారు. నేను పక్కన నిలబడి "నేనే రాసిన" అంటే, "నీకు సదువెక్కడిదే?" అని నవ్వారు. పై సోమవారం ఇంకో కాగితం వచ్చింది, కొత్త బొమ్మ మీద. కింద నల్లటి బొటనవేలు. నాది కాదు. బొగ్గు అంటిన వేళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి. జనం ఆ ఆదివారం బండ్లు కట్టుకుని పోయారు.

రాళ్ళు ఏరే చోట ఆమె కనపడితే, నా కాగితం చదివి వినిపిస్తానన్నాను.

"ఏం జేసుకోవాలె అన్నా నీ కాగితం?" అంది. "నాలుగు లైన్ల అవతలే గద నా ఇల్లు. వచ్చి ఒక్క మాట చెప్తే అయిపోతుండె."

మున్షీ నన్ను మోసం చేశాడు. ఆమెను మోసం చేసింది మున్షీ ఒక్కడే కాదు.

ఆ ఆదివారం నేను డేరాకు పోలేదు, ఆమె ఇంటికి పోయాను. గడప మీద కూర్చున్నాను. ఆమె పెనిమిటి ఎట్లా పోయాడో, ఆఖరుకు ఏమన్నాడో, నేను ఏం చేశానో, ఏం చేయలేకపోయానో మొత్తం చెప్పాను. ఆమె గిన్నె తోముతున్న చేతులు ఆపి విన్నది. పాట లేదు, ఏడుపు లేదు. అంతా అయ్యాక, "ఇది ఏడ రాయకు అన్నా" అంది.

రాయనన్నాను. ఇక్కడ కూడా రాయడం లేదు.