మాట కోసం కట్టిన పళ్ళు

మా మామయ్య ముప్ఫై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. డాక్టర్లు కొలతలు పంపితే సెట్టు చేసి డబ్బాలో పెట్టి పంపడం అందరూ చేసే పని. మామయ్య అలా చెయ్యడు. మనిషి రావాలి, మైనం మీద పళ్ళు నిలబెట్టి నోట్లో పెట్టాలి, మాట్లాడించాలి. తను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని వింటాడు. "వాన, వదిన, వెయ్యి" అనమంటాడు. వదిన అన్నప్పుడు కింది పెదవి పైపళ్ళ అంచుకు సరిగ్గా తగలకపోతే, వేడి చాకుతో మైనం కరిగించి ఆ పళ్ళను వెంట్రుకవాసి జరుపుతాడు. మళ్ళీ వాన, మళ్ళీ వదిన. ఒక పెద్దాయన విసుగెత్తి, "మా అన్నయ్యకి అసలు పెళ్ళే కాలేదయ్యా" అన్నాడు.

నేను ఆయన మేనకోడల్ని. పద్నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గరే సెట్లకు నునుపు పెడుతున్నాను. ఆయన పంతం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ పంతం ఎక్కువయింది భాషలు చదువుకున్న ఒక మాష్టారి వల్ల. పళ్ళు కట్టించుకోవడానికి వచ్చి ఆయన ఒక సంగతి చెప్పాడు. పూర్వం మనుషులు గట్టి తిండి నమిలి నమిలి పళ్ళు అరిగిపోయి, పైవీ కిందివీ అంచుకు అంచు ఆనేవట. వండిన మెత్తటి తిండి వచ్చాక పైపళ్ళు కాస్త ముందుకే ఉండిపోయాయట. పెదవి పైపంటికి ఆనించి పలికే శబ్దాలు ఆ తర్వాతే తేలికయ్యాయని కొందరు అంటారట. ఆ సంబరంలో మామయ్య ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. "విన్నావుటే? నోట్లో మాట పుట్టాలంటే ముందు పన్ను కుదరాలి. మనం చేసేది అదే" అన్నాడు.

అలాంటి మనిషి భార్యకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. పోయినేడు ఆపరేషన్ చేసి పైపళ్ళు, సగం అంగిలి తీసేశారు. మా అత్త నోరు మామూలు నోరు కాదు. వీధి చివర కూరగాయలబ్బాయి ఇంకా మలుపు తిరగకముందే ఇక్కణ్ణుంచి బేరం మొదలుపెట్టేది. ఇప్పుడు గాలంతా ముక్కులోకి పోయి, ఏ మాటన్నా ఒకటే మూలుగు.

అంగిట్లో రంధ్రం మూసేలా పైపళ్ళతో సెట్టు చేస్తే మాట తిరిగొస్తుంది. దానికి నోట్లో గట్టిపడే మెత్తటి ముద్ద పెట్టి మూడు నిమిషాలు ఆపి అచ్చు తియ్యాలి. మొదటిసారి ముద్ద గొంతులోకి జారి అత్తకు ఊపిరాడలేదు. మామయ్య చొక్కా పట్టుకుని గుంజితే గుండీలు రాలిపోయాయి. ఆవిడ చేతులు పట్టుకున్నది నేనే. ఆ తర్వాత ఆయన మళ్ళీ అచ్చు తియ్యలేదు. ఆ ఒక్క అచ్చు మీదే ఒకటి తర్వాత ఒకటి పదకొండు సెట్లు చేశాడు. మైనాన్ని తిట్టాడు, పళ్ళ కంపెనీని తిట్టాడు. రెండు వారాలు దాటిన అచ్చు ఎవరు తెచ్చినా తిప్పి పంపే మనిషి! కోసిన చోటు నెలనెలా ముడుచుకుపోతుందని ఆయనకు తెలియదా? నాకూ తెలుసు. నేనూ నోరు మెదపలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఇంతలో జబ్బు తిరగబెట్టింది, ఈసారి నాలుకకు. పదిహేను రోజుల్లో నాలుక మొత్తం తీసెయ్యాలన్నాడు సర్జన్. మామయ్య తలూపాడు. పక్కన కూర్చున్న అత్త సంచిలోంచి పలక తీసి ఏదో రాయబోయింది. ఆయన మెల్లగా లాగేసుకున్నాడు. రాయడం అలవాటైతే నోరు బద్ధకిస్తుందని ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి చెప్పిందట.

"రాస్తే చూడను. నోటితో చెప్పు, వింటాను."

పలక బీరువా మీదికెక్కింది. అత్త రోజూ ఆయన ఎదురుగా నిలబడి మూలిగేది. ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "రేపటికి సరిచేస్తా" అనేవాడు.

పది రోజులు మిగిలాయి. ఆ పొద్దున పదకొండు సెట్లూ బల్ల మీద పరుచుకుని ఏడుస్తున్నాడు. "నాలుక పోయేలోపు ఒక్కసారి మీ అత్త గొంతు వినాలే. ఒక్కసారి చాలు."

నాకు కోపం ఆగలేదు. "ఎవరి నోటికి చేస్తున్నావు మామయ్యా? పోయినేటి నోటికా?"

పాత అచ్చును చేతిలోకి తీసుకున్నాడు. "మళ్ళీ ఊపిరాడకపోతే?" అన్నాడు.

"అత్తనడుగు."

అడగబోయేసరికి ఆవిడే కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. మూడు నిమిషాలూ గడియారం వంక చూస్తూ కదలకుండా భరించింది. పాత అచ్చు పక్కన కొత్తది పెడితే, రెండు బియ్యపు గింజల తేడా ఉంది. అంత చిన్న సందులోంచి ఏడాది మాట కారిపోయింది.

ఆపరేషన్ ఆరు రోజులుందనగా పన్నెండో సెట్టు నోట్లో కూర్చుంది. మామయ్య గోడవైపు తిరిగాడు. "ఏదీ, వాన అను."

"ముందు ఇటు తిరగండి" అంది అత్త.

అది అచ్చంగా అత్త గొంతే. మామయ్య తిరిగాడు, మొహమంతా వెలుగు.

"ఆ ఆపరేషన్ నాకొద్దు. ఆ రోజే చెప్పబోయాను. మీరు పలక లాక్కున్నారు."

"చేయించుకుంటే బతుకుతావే."

"చేయించుకున్నా ఏడాదో, ఏడాదిన్నరో అన్నాడు డాక్టరు. మీరు వినలేదు, నేను విన్నాను. గొట్టంతో తాగుతూ, నోరు లేకుండా. నాకొద్దు. ఉన్నన్నాళ్ళు మాట్లాడతాను."

మామయ్య మొహంలో రంగు పోయింది.

"సరిగ్గా వినపళ్ళేదు" అన్నాడు.

అత్త మళ్ళీ చెప్పింది, అంతే నెమ్మదిగా, అవే మాటలు.

"కొంచెం వదులైనట్టుంది. ఇలా తీసియ్యి, సరిచేసి పెడతాను" అంటూ ఆవిడ నోటివైపు చెయ్యి చాపాడు.

వదులు లేదు. ఒక్క అక్షరం జారలేదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది.