అత్తగారి పక్క సీటు

మా అత్తగారు నాకు పిల్లనిచ్చి ఇరవై ఏళ్లయినా, ఆవిడ ముఖం నేను తిన్నగా చూసింది లేదు, నా ముఖం ఆవిడ చూసిందీ లేదు. ఇది నేను చెప్పే అబద్ధాల్లోది కాదు. మా వైపు పాతకాలపు అత్తగారు అల్లుడి ఎదట పడదు. అల్లుడు కూర్చున్నచోట కూర్చోదు. తలుపు వెనకాల నిలబడి మాట్లాడుతుంది, అదీ అల్లుడితో కాదు, కూతురితో. “బాబుకి ఇంకో గరిటె పులుసెయ్యే” అని తలుపు అంటే, “చాలని చెప్పు” అని నేను కంచంతో అనేవాణ్ని. నా భార్య నూతి దగ్గరకో ఎక్కడికో వెళ్లి మధ్యలో మనిషి లేనప్పుడు, ఆవిడ పెరట్లో కట్టేసిన గేదెతో చెప్పేది. “ఒసే, ఎండలో బయలెల్లొద్దని సెప్పవే బాబుకి.” గేదె నోరు విప్పకపోయినా నేను ఆగిపోయేవాణ్ని.

వాళ్లది దేవరాపల్లి. మాది చోడవరం. నేను దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ని. పొద్దుటినుంచీ తూర్పున ఫలానా వారి చెరకుతోట, పడమర ఫలానా వారి కల్లం అంటూ ఉన్నది ఉన్నట్టు రాసీ రాసీ, సాయంత్రమయ్యేసరికి లేనిది చెప్పకపోతే నాకు అన్నం సయించేది కాదు. శారదా నది ఓ ఏడాది రెండు గంటలసేపు వెనక్కి పారిందనీ, అనకాపల్లి చేపలు మా వీధిలోకొచ్చి దారి అడిగాయనీ నేనొకసారి దేవరాపల్లిలో భోజనానికి కూర్చుని చెప్పాను. తలుపు వెనక నవ్వు వినపడలేదు గానీ గొళ్లెం మాత్రం చాలాసేపు ఊగింది. అప్పట్నుంచీ అత్తారింటికి వెళ్లినప్పుడల్లా ఆ గొళ్లెం కోసం ఒక కొత్త కథ పట్టుకెళ్లేవాణ్ని.

ఆ సంవత్సరం వానల్లో నా భార్య మద్రాసులో ఉంది. మా బావమరిదికి అక్కడ ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం. అతని భార్య పురిటికి సాయంగా వెళ్లిన మనిషి, తనే కడుపునొప్పితో ఆస్పత్రిలో పడింది. బావమరిది దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆపరేషన్ అయిపోయింది, ఫరవాలేదు, అమ్మను చూడాలంటోంది, విమానంలో తీసుకురా, విశాఖపట్నంలో మా కంపెనీ ఏజెంటు దగ్గర రెండు టిక్కెట్లున్నాయి, అని. విమానం ఎందుకంటే, వరదకి తుని అవతల రైలుకట్ట తెగింది.

మొదటి బస్సెక్కి దేవరాపల్లి వెళ్లి, ఈ సంగతంతా తలుపుతో చెప్పాను.

తలుపు వెనకనుంచి ప్రశ్న పెరట్లో గేదెకి వెళ్లింది.

“బాగుంటే ఇమానమెందుకే?”

“రైలుకట్ట తెగిందండి” అన్నాను.

“ఒలే, ఏరు ఎనక్కి పారిందన్నదీ ఈ బాబే గదే.”

టెలిగ్రాం తీసి గడపమీద పెట్టాను. ఆవిడకి చదువు రాదు. ఇంగ్లీషు కాగితం చదివి చెప్పగలవాణ్ని ఆ చుట్టుపక్కల నేనొక్కణ్నే. ఆవిడ ఆ కాగితాన్ని తీసుకుని, మడిచి, చీరకొంగున ముడేసుకుంది. కూతురు పోయిందనీ, ఆ సంగతి దాచి నేను తనని తీసుకుపోతున్నాననీ ఆవిడ అనుకుంటోందని నాకు అర్థమైంది. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

విశాఖపట్నంలో ఆవిణ్ని ఒక చుట్టాలింట్లో దింపి, ఏజెంటు ఆఫీసుకి వెళ్లాను. కుర్చీలో మెడకి టై కట్టుకున్న ఏజెంటు, బల్లమీద రేకు విమానబొమ్మ. మా టిక్కెట్లు తీసి, ఇద్దరికీ పక్కపక్క సీట్లు వేయించానని గర్వంగా చెప్పాడు.

“అదే వద్దండి” అన్నాను. “మార్చి పెట్టండి.”

“అందరూ పక్కపక్కన కావాలని ప్రాణం తీస్తారు. మీకూ ఆవిడకీ తగువాండి?”

“తగువు కాదండి, గౌరవం. మా అత్తగారు.”

“గౌరవానికి ఎంత దూరం కావాలి?”

“మధ్యలో ఒక తలుపుంటే చాలు.”

“తలుపు ఒక్కటే ఉందండి. అది తీస్తే బంగాళాఖాతం.”

అయినా మంచివాడు. సీట్ల పటం తీసి చూపించాడు. డకోటా విమానంలో నడవకి ఒక పక్క రెండేసి సీట్లు, రెండో పక్క ఒక్కొక్కటే. ఆ ఒంటి సీటుకి గిరాకీ ఎక్కువట, కిటికీ ఒకరికే సొంతం, భుజానికి భుజం తగలదు, దొరలు కూడా అదే అడిగేవారట. అవన్నీ అయిపోయాయి. మా వరసకి ఎదురుగా ఉన్న ఒంటి సీటు అనకాపల్లి బెల్లం వర్తకుడు ఒకాయనది. ఆయన ఒప్పుకుంటే మార్చడానికి అభ్యంతరం లేదని చీటీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. “ఒప్పించుకోవడం మీ పని. మీరు మాటకారిలా ఉన్నారు” అన్నాడు.

మర్నాడు ఏరోడ్రోంలో మమ్మల్ని పెట్టెలతో సహా కాటామీద తూచారు. మా అత్తగారు కాటా ఎక్కినప్పుడు నేను కంచెవైపు తిరిగి నిలబడ్డాను. తూచేవాడు ఆవిడ బరువు గట్టిగా అరిచి చెప్పాడు. అత్తగారి బరువు తెలిసిన అల్లుడు మా తాలూకాలో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఆ అంకె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

బెల్లం వర్తకుడు సాయిబు గారు. తెల్లటోపీ, తెల్లగడ్డం, చేతిలో తినుబండారాల డబ్బా. చీటీ చేత పట్టుకుని, మర్యాదగా మొదలుపెట్టాను. మా అత్తగారు చీడికాడ కొండల్లో ఒకప్పుడు ఎలుగుబంటిని చీపురుకట్టతో తరిమిన మనిషనీ, అప్పట్నుంచీ పక్కన ఏది మెదిలినా ఎలుగుబంటే అనుకుని బాదేస్తుందనీ, తోటి ప్రయాణికుల క్షేమం కోరి ఆవిణ్ని విడిగా కూర్చోబెట్టడం మంచిదనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పది అడుగుల దూరంలో, కొంగు నెత్తినిండా కప్పుకుని, మా అత్తగారూ విన్నది.

“అయిపోయిందా తమ్ముడూ?” అన్నాడు సాయిబు గారు. “చాలా బాగుంది. ఇప్పుడు నిజం చెప్పు.”

“మా అత్తగారండి. నా పక్కన కూర్చోదు.”

“ఆ ముక్క ముందే అంటే పోయేది కదా. మా ఇంట్లోనూ ఉన్నారు అల్లుళ్లు, వాళ్ల అత్తగారూ తలుపు వెనకే” అని, చీటీ కూడా చూడకుండా సీటు ఇచ్చేశాడు.

విమానం తోక నేలకానించి ముక్కు పైకెత్తుకుని ఉంటుంది. లోపల మెట్టెక్కినట్టు ఎక్కాలి. మా అత్తగారు సీటు వీపులు పట్టుకుంటూ ఎక్కి, ఒంటి సీట్లో కూర్చుని, కిటికీవైపు తిరిగిపోయింది. నడవకి ఇవతల సాయిబు గారు, ఆయన పక్కన కిటికీ దగ్గర నేను. అంతా సవ్యంగా కుదిరింది. ఇంజన్లు మోగాయి. నేల కిందకి జారిపోయింది. అత్తగారి ఎదట అల్లుడు భయపడకూడదు కనుక మేఘాల్ని లెక్కపెడుతున్నవాడిలా ముఖం పెట్టాను.

అప్పుడు విమానంలో పనిచేసే అమ్మాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెంలో పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఉండలు. సాయిబు గారు రెండు ఉండలు తీసి చెవుల్లో దూర్చుకున్నాడు. పళ్లెం మా అత్తగారి ముందుకి వెళ్లింది.

ఆవిడ ఆ దూది వంక చూసింది. చెయ్యి చాపలేదు. మా ఊళ్లలో చెవుల్లో, ముక్కుల్లో దూది ఎవరికి పెడతారో, ఎప్పుడు పెడతారో ఆ పట్నం పిల్లకి తెలియదు. ఆవిడ కొంగు చివర ముడిని, టెలిగ్రాం ఉన్న ముడిని, రెండు చేతులా పట్టుకుంది.

“బాబూ” అంది. నన్ను కాదు, సాయిబు గారిని. “ఆరిని అడగండి బాబూ. మా గుంట ఉన్నాదా, నేదా.”

సాయిబు గారి చెవుల్లో దూది. “ఆఁ?” అన్నాడు.

“ఆరిని అడగండి.”

ఆయన దూది తీశాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. ఆయన నావైపు తిరిగి, “మీ ఆవిడ ఉందా లేదా అని అడుగుతున్నారు” అన్నాడు.

“ఉందండి. ఆపరేషన్ అయిపోయింది. బాగానే ఉందని చెప్పండి.”

“బాగానే ఉందట అమ్మా.”

“ఒట్టెయ్యమనండి.”

“ఒట్టు వెయ్యమంటున్నారు.”

“ఒట్టేనండి.”

“ఎలుగ్గొడ్డుని నాను సీపురుతో కొట్టేననీ ఒట్టేస్తారు, అడగండి.”

సాయిబు గారు ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత నడుంకున్న పట్టీ విప్పుకుని మెల్లగా లేచాడు.

“అమ్మా, నేను ప్రయాణికుణ్ని. తలుపుని కాను” అన్నాడు. కోపంగా కాదు, పెద్దన్న చెప్పినట్టు. “ఈ మాట మధ్యలో మనిషిని పెట్టుకుని అడిగేది కాదు. ఇక్కడికొచ్చి మీరే అడగండి. నేను అటు తిరిగి పడుకుంటాను.”

ఆవిడ లేవదనుకున్నాను. లేచింది. విమానం ఒక్క కుదుపు కుదిపితే నడవ మధ్యలో సాయిబు గారు ఖాళీ చేసిన సీటు చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుంది. ఏజెంటు మొదట రాసిపెట్టిన సీట్లోనే, నా పక్కన, కూర్చుంది. నెత్తిమీద కొంగు తీసి భుజాన వేసుకుని, తిన్నగా నా ముఖంలోకి చూసింది.

నా భార్య కళ్లే. అంత దగ్గర పోలిక ఉందని ఇరవై ఏళ్లూ నాకు తెలియలేదు.

“నా ముకం సూసి సెప్పండి బాబూ. నాను ఏడవనులెండి. రెండ్రోజుల్నించీ ఏడవాలో ఒద్దో తెలీక సస్తన్నాను. మా గుంట ఉన్నాదా?”

నాకు కథలు చెప్పేటప్పుడు మాట నూనె పోసిన కప్పీలా తిరుగుతుంది. ఆ పూట తిరగలేదు. “ఉంది” అనబోయి దగ్గాను. టెలిగ్రాంలో ఉన్నంతే నాకు తెలుసునన్నాను. ఆపరేషన్ అయింది, ఫరవాలేదు, మిమ్మల్ని చూడాలంటోంది, ఇంతే ఉందన్నాను. అది రాసి మూడు రోజులైంది, ఆ తర్వాత సంగతి నాకూ తెలియదన్నాను. నాకూ భయంగా ఉంది, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు అన్నాను. అన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చోడవరంలో ఎవరైనా వింటే నా పరువు పోయేది.

ఆవిడ రెప్ప వెయ్యకుండా విన్నది. ఆ తర్వాత కొంగు ముడి విప్పి, టెలిగ్రాం తీసి, నా జేబులో పెట్టింది.

“నిజమే సెప్తన్నారు బాబూ” అంది. “కల్ల సెప్పినప్పుడు మీ మాట సన్నాయిలా ఉంటాది. ఇరవై ఏళ్లు తలుపెనకాల ఇన్నాను గదా. ఇయ్యాల బాగో నేదు.”

పిప్పరమెంటు నోట్లో వేసుకుంది. కాసేపటికి, “ఆ కిటికీలో ఏటది, మెరస్తన్నాది?” అంది. గోదావరి అన్నాను. అది నిజంగా గోదావరో కాదో నాకు తెలియదు గానీ, ఆవిడ నమ్మింది. ఆ మీదట ఆవిడ నిద్రపోయింది. తల జారి జారి నా భుజంమీద ఆగింది. నేను మద్రాసు వచ్చేదాకా ఊపిరి కూడా ఆచితూచి పీల్చాను. అవతలి ఒంటి సీట్లో సాయిబు గారు పడుకోలేదు. కిటికీవైపు తిరిగి కూర్చుని, టోపీ సర్దుకుంటూ ఉన్నాడు.

ఆస్పత్రి దగ్గర బావమరిది గుమ్మంలోనే ఎదురయ్యాడు. అతని ముఖం చూడగానే అంతా బాగానే ఉందని మా ఇద్దరికీ తెలిసిపోయింది. నర్సు మాత్రం వార్డు తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఒక్కొక్కరే వెళ్లాలి, పావుగంట మించకూడదు. నేను పక్కకి తప్పుకుని మా అత్తగారికి దారిచ్చాను.

ఆవిడ కదల్లేదు. బయట బల్లమీద కూర్చుంది. నేనక్కడ నిలబడి ఉండగానే, నా ఎదటే.

“ముందు మీరెల్లండి బాబూ” అంది. “అది ఉన్నాదని మీరు సెప్పేరు గదా. నాకింక తొందరేటి?”

లోపల నా భార్య సగానికి సగం చిక్కి ఉంది. నన్ను చూసి లేవబోయి, నొప్పికి ఆగిపోయింది.

“అమ్మ రానేదా?”

“వచ్చింది. బయట బల్లమీద కూర్చుంది. నన్ను ముందు పంపింది.”

“మీ ఎదట కూకున్నాదా?”

“ఎదట కాదు, పక్కన. విమానంలో నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది. నా ముఖంలోకి చూసి మాట్లాడింది. నా భుజంమీద తల పెట్టుకుని నిద్రపోయింది.”

నా భార్య నన్ను తేరిపార చూసింది. తర్వాత రెండు చేతులా కడుపు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నవ్వింది.

“నవ్వించకండి, కుట్లు లాగేస్తన్నాయి. కడుపు కోయించుకున్న మనిషికి కూడా కబుర్లేనా? మీరు మారరు.”

నేను వాదించలేదు. నా పావుగంట సగమైనా గడవకముందే లేచి, మా అత్తగారిని లోపలికి పంపడానికి బయటికి వచ్చాను.